కార్చిచ్చు, గొడ్డలి, అడవి కప్పలు

నేను ఉన్నత పాఠశాలలో పనిచేయుచున్న కాలమున ఒకనాడు ఎనిమిదవ తరగతి పిల్లలకు అడవులను గూర్చి పాఠము చెప్పుచుంటిని. మాటలలో కార్చిచ్చు ప్రసంగము వచ్చినది. "అడవి తగులబడినప్పుడు పక్షులు ఎగిరిపోవును, లేళ్లు పరుగెత్తిపోవును, ఎగురలేక, పరుగెత్తలేక యుండు కప్పలవంటి అల్పజీవులు మాత్రము మాడి మసియగును" అని చెప్పితిని. వెనుక బల్లమీద కూర్చున్న నల్లమల ప్రాంతపు పిల్లవాడొకడు లేచి, "అయ్యవారూ! మా ఊరి కొండ వేసవిలో తఱచుగా అంటుకొనును. తొలకరి పడగానే కప్పలు ఎప్పటివలెనే అఱచును. మఱి అవి ఎక్కడినుండి వచ్చినట్లు?" అని అడిగినాడు. నాకు వెంటనే సమాధానము తోచలేదు. "కూర్చోరా, తరువాత చెప్పెదను" అని తప్పించుకొంటిని. ఆ తరువాత యనునది రానేలేదు.

ఉద్యోగము విరమించిన పిదప తీరికగా చదువుకొనగా తెలిసినదేమనగా, ఆ పిల్లవాడు కన్నులతో చూచినదే నిజము. నేను చెప్పినది ఒట్టి ఊహ. అయితే కప్ప నిప్పునుండి తప్పించుకొనినంత మాత్రమున గండము గడచినట్లు కాదు. అసలు చిక్కు నిప్పు ఆఱిన పిమ్మట మొదలగును. ఈ విషయమును శ్రద్ధగా పరిశీలించిన దేశములలో అమెరికా సంయుక్త రాష్ట్రములు ముఖ్యమైనవి. ఆ దేశపు వాయవ్య భాగమున నున్న ఓరెగాన్, వాషింగ్టన్, మొంటానా రాష్ట్రముల అడవులలో జరిగిన సంగతులనే ఇచ్చట వివరించెదను.

ముందుగా ఈ జీవుల దేహధర్మమును తెలిసికొనవలెను. నీటియందును నేలయందును చరించునవి గనుక వీనికి ఉభయచరములని పేరు. వీనిలో కప్పలు మనకు చిరపరిచితములు. తోకగలిగి, చూపునకు బల్లివలె నుండు సాలమాండరులు మఱియొక తెగ. కాళ్లు లేక వానపామువలె మంటిలో బ్రదుకు సిసీలియనులు మూడవ తెగ. ఈ మూడు తెగలలోను గూడి 8,000కు మించిన జాతులు నేటికి తెలిసినవి. 2023వ సంవత్సరమున ప్రకటింపబడిన ప్రపంచ పరిశీలన ప్రకారము వానిలో సుమారు ఐదింట రెండు వంతుల జాతులు అంతరించు ప్రమాదములో నున్నవి. పక్షులలోగాని క్షీరదములలోగాని ఇంత పెద్ద భాగము ప్రమాదములో లేదు.

బల్లికి పొలుసులున్నవి, పక్షికి ఈకలున్నవి, కప్పకు పలుచని తడిచర్మము తప్ప వేఱొక రక్షణ లేదు. కప్ప మనవలె నోటితో నీరు త్రాగదు. తడినేలమీద కూర్చుండి, పొట్టక్రింది చర్మముతో నీటిని పీల్చుకొనును. ప్రాణవాయువులో కొంతభాగమును గూడ చర్మముగుండానే గ్రహించును. సాలమాండరులలో ఒక పెద్ద కుటుంబమునకు ఊపిరితిత్తులే లేవు. అవి కేవలము చర్మముతోను, నోటిలోపలి పొరతోను శ్వాసించును. చర్మము తడిగా నున్నంతవఱకే ప్రాణవాయువు లోనికి పోగలదు. తడి ఆఱినచో ఆ జీవికి ఊపిరాడదు. ఇంకొక చిక్కు గూడ కలదు. నీటిని లోనికి రానిచ్చు చర్మము నీటిని బయటికిని పోనిచ్చును. కొత్తకుండ చెమర్చి అందలి నీరు ఎట్లు తరుగుచుండునో, ఎండగాలిలో కప్ప దేహములోని నీరు గూడ అట్లే తరుగుచుండును. కావున అడవిలోని నీడ, నేలలోని చెమ్మ, వాగులోని చల్లదనము ఈ జీవులకు సౌఖ్యములు కావు, ఆహారమువలె ప్రాణాధారములు.

ఓరెగాన్ పశ్చిమభాగపు అడవులు చలికాలమంతయు వానలలోను మంచులోను తడియుచుండును. వేసవి మాత్రము పొడిగా నుండును. అచ్చట డగ్లస్ ఫర్ అను వృక్షములు 200 అడుగులకు పైగా పెరిగి, కొన్ని వందల యేండ్లు జీవించును. అవి కూలిన పిదప మొద్దులు నేలమీద పడియుండి, మెల్లమెల్లగా చివికి, స్పంజివలె నీటిని పట్టియుంచును. వేసవిలో చుట్టుపట్ల నేల యెండినను అట్టి మొద్దు నడిమిభాగము చెమ్మగా నుండును. ఓరెగాన్ సన్న సాలమాండరు అను ప్రాణి ఈ మొద్దులనే ఆశ్రయించి బ్రదుకును. అది ఆ రాష్ట్రములో తప్ప ప్రపంచములో మఱెక్కడను లేదు. వానపామువలె సన్నముగా నుండును. గ్రుడ్లు గూడ నీటిలో పెట్టదు. ఊపిరితిత్తులు లేని ప్రాణి యది. మొద్దు చెమ్మయే దాని బ్రదుకు.

అదే అడవులలో, కొండలమీదినుండి ఉరవడిగా దూకు చల్లని వాగులలో మఱియొక విచిత్రమైన కప్ప కలదు. దాని శాస్త్రీయ నామము ఆస్కాఫస్. మగకప్పకు వెనుక తోకవంటి చిన్న అవయవము కనబడును. అది నిజమైన తోక కాదు. ప్రవాహములో సంతానోత్పత్తికి ఉపకరించు అవయవము. ఆ కారణముచేత అక్కడివారు దానిని తోకగల కప్ప అనియే పిలుతురు. మన పల్లెలలో కప్పపిల్లను తోకకప్ప యనుట వాడుక గనుక, పొరపాటు రాకుండుటకై మనము దానిని ఆస్కాఫస్ అనియే పిలుతము. ఈ కప్ప అఱవదు. అఱచినను ఆ నీటిహోరులో వినువారెవరు? దాని పిల్లల సంగతి ఇంకను చిత్రమైనది. వాని నోరు అంటుకొను గిన్నెవలె నుండును. ఆ నోటితో రాతిని గట్టిగా పట్టుకొని, ఎంత ప్రవాహమునకును కొట్టుకొనిపోక, రాతిమీది నాచును గీకి తినుచు పెరుగును. మన చెఱువులలోని తోకకప్ప కొన్ని వారములలో కప్పయగును. ఆస్కాఫస్ పిల్లకు చోటును బట్టి ఒకటి మొదలు నాలుగేండ్లు పట్టును. అన్నియేండ్లును వాగు చల్లగాను, రాళ్లు శుభ్రముగాను ఉండవలెను. దాని గ్రుడ్లు 5 డిగ్రీల సెంటిగ్రేడు మొదలు 18 డిగ్రీల వఱకు గల నీటిలోనే సరిగా పెరుగును. అంతకు మించి నీరు వెచ్చబడినచో పిండము చెడిపోవును.

ఇక నిప్పు సంగతి. ఆ అడవులలో కార్చిచ్చు ప్రాయికముగా వేసవి చివరను, నేల పూర్తిగా ఎండియున్నప్పుడు వచ్చును. ఆ కాలమున నేలమీద తిరుగు ఉభయచరములు స్వల్పము. అంతకు ముందే అవి ఎలుకబొఱియలలోనికి, వేళ్ల సందులలోనికి, రాళ్లక్రిందికి, మొద్దుల లోపలికి చేరియుండును. మట్టి వేడిమిని సులభముగా లోనికి పోనీయదు. పైన మంటలు చెట్లకొనలనంటి పోవుచున్నను, కొన్ని అంగుళముల లోతున వేడి అంతగా పెరుగదు. అందుచేత మంట వేగముగా దాటిపోయిన చోట్ల అనేక కప్పలు, సాలమాండరులు బ్రదుకును. నల్లమల పిల్లవాని ప్రశ్నకు సమాధానమిదే. వాని ఊరి కప్పలు ఎక్కడినుండియు రాలేదు. అవి ఆ నేలలోనే యున్నవి.

ఇట్టిదే ఇంకొక నిదర్శనము కలదు. 1980 మే 18వ తేదీన వాషింగ్టన్ రాష్ట్రములోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతము బ్రద్దలైనది. చుట్టుపట్ల నున్న మహారణ్యము గడ్డిపోచలవలె నేలకొఱగినది. ఆ ప్రాంతమున ఏ ప్రాణియు మిగులదని చూచినవారు తలచిరి. కాని మే నెలయైనను సరస్సులమీద మంచుగడ్డ కరుగక యుండుటచేతను, కొన్ని నేలలోపల నుండుటచేతను, అనేక జాతుల ఉభయచరములు ఆ విలయమును దాటి బ్రదికినవి.

అయితే మొద్దు పూర్తిగా కాలిపోయినచో అందలి సాలమాండరు గతి యేమి? పెద్దమొద్దు గంటలకొలది, ఒక్కొక్కప్పుడు దినములకొలది రగులుచుండును. దానిక్రింది నేల లోతువఱకు కాగును. కావున కార్చిచ్చులన్నియు ఒక్కటి కావు. నేలను తాకి పాకి పోవు మంట వేఱు. అడవిని వేళ్లతో సహా కాల్చు మంట వేఱు. 2020 సెప్టెంబరులో బలమైన తూర్పుగాలులు వీచి ఓరెగాన్‌లో రెండవ రకపు మంటలు చెలరేగినవి. ఆ యేడు ఆ రాష్ట్రమున 10 లక్షల ఎకరములకు మించిన భూమి కాలినది. సన్న సాలమాండరు నివసించు కొండవాలులలో గూడ చాలభాగము మంటల పాలైనది.

మంట ఆఱిన పిదప మొదటి వానలు వచ్చును. చెట్లు లేని వాలులమీదినుండి బూడిదయు మట్టియు కొట్టుకొనివచ్చి వాగులో పడును. రాళ్ల నడుమ సందులు పూడిపోవును. ఆ సందులే ఆస్కాఫస్ గ్రుడ్లకు నెలవు. రాళ్లమీద బురద పేరుకొనినచో పిల్లలు పట్టుకొనుటకు జాగాయు లేదు. తినుటకు నాచును లేదు. వాగుమీది నీడ పోయినందున వేసవిలో నీరు వెచ్చబడును. మంటను ఆర్పుటకు విమానములనుండి చల్లు ఎఱ్ఱని మందులో అమ్మోనియా లవణములుండును. అది వాగులో పడినచో చేపలకును తోకకప్పలకును విషమగును. అందుచేతనే వాగునకు ఇరుప్రక్కల 300 అడుగులలోపల దానిని చల్లరాదని అక్కడి అటవీశాఖ నియమము చేసికొన్నది.

ఇంతవఱకు వినినవారికి నిప్పు పరమశత్రువని తోచును. నాకును అట్లే తోచినది. కాని మొంటానా రాష్ట్రములోని గ్లేసియర్ జాతీయవనమున జరిగిన పరిశోధన నా అభిప్రాయమును కొంత మార్చినది. ఆ వనములో 2001, 2003 సంవత్సరములలో పెద్ద మంటలు వచ్చినవి. బ్లేక్ హోసాక్, పాల్ స్టీఫెన్ కార్న్ మొదలగు శాస్త్రజ్ఞులు మంటకు ముందే అచ్చటి కుంటలను పరిశీలించి యుండిరి. తరువాత గూడ పరిశీలించిరి. అక్కడ గరుకుచర్మము గల బోదురుకప్ప జాతి యొకటి కలదు. అది తక్కిన కప్పలకంటె ఎండకు ఓర్చుకొనగలదు. మంటలు ఆఱిన మఱుసటి యేడే ఆ బోదురుకప్పలు, మునుపెన్నడును గ్రుడ్లు పెట్టని కుంటలలో గూడ గ్రుడ్లు పెట్టినవి. నీడ తొలగి ఎండ పడుట వానికి మేలే యైనది.

అంతకంటె ముఖ్యమైనది వాని ఆరోగ్యము. కప్పల చర్మమునకు సోకు కైట్రిడ్ అను బూజురోగ మొకటి కలదు. కప్పలు దానివలన చచ్చుచున్నవని 1998లో బయటపడినది. 1999లో ఆ బూజునకు శాస్త్రజ్ఞులు పేరు పెట్టిరి. ఇది చర్మములోనికి చొచ్చి, దేహములోని లవణములు నిలువకుండ చేయును. రక్తములో సోడియం, పొటాషియం తగ్గిపోయి, తుదకు గుండె ఆగును. ఒక్క చర్మము చెడుటచేత గుండె ఆగుట మనకు వింతగా నుండవచ్చును గాని, చర్మముతో ఎన్ని పనులు చేసికొను ప్రాణియో తెలిసిన పిదప వింత యుండదు. 2019లో ప్రకటింపబడిన లెక్క ప్రకారము ఈ తెగ రోగములవలన 501 జాతులు క్షీణించినవి. వానిలో 90 జాతులు పూర్తిగా నశించినట్లు భావింపబడుచున్నది. ఈ బూజు 17 మొదలు 25 డిగ్రీల వేడిమిలో చక్కగా పెరుగును. 28 డిగ్రీలు దాటిన పిమ్మట పెరుగుట మానును. గ్లేసియర్ వనమున కాలిన చోట్ల పట్టుకొన్న బోదురుకప్పలలో ఈ రోగము తక్కువగా కనబడినది. ఎండ తగులు బయళ్లలో తిరుగు కప్ప ఒడలు వెచ్చబడుటయు, బూజునకు ఆ వెచ్చదనము గిట్టకుండుటయు ఇందుకు కారణములై యుండునని తలచుచున్నారు. రోగి కోరినదియు పాలే, వైద్యుడు చెప్పినదియు పాలే యన్నట్లు, బోదురుకప్ప కోరిన ఎండయే దానికి మందైనది.

మఱి ఈ వైద్యము ఆస్కాఫస్‌కు పనికివచ్చునా? రాదు. 18 డిగ్రీలు దాటినచో దాని గ్రుడ్లే నిలువవు. బూజు పెరుగుట మాను వేడిమి 28 డిగ్రీలు. రోగము తగ్గులోపల రోగి దక్కదు. ఒకే అడవిలో, ఒకే మంటలో, ఒక కప్పకు మేలు చేసినది మఱియొక కప్పకు కీడు చేయుట ఇట్లే. "మంట కప్పలకు మంచిదా, చెడ్డదా?" అని యెవరైన అడిగినచో, "ఏ కప్పకు?" అని మనము తిరిగి అడుగవలెను.

"ఎన్నేండ్లకు?" అనియు అడుగవలెను. బోదురుకప్పల వృద్ధి చిరకాలము నిలువలేదు, కొన్నియేండ్లలో తగ్గినది. ఆ వనములోనే పొడవువ్రేళ్ల సాలమాండరు, చుక్కలకప్ప అను రెండు జాతులు మొదట ఏ మార్పును చూపలేదు. వీనికి హాని లేదని మొదటి రెండుమూడేండ్లు చూచి చెప్పియుండవచ్చును. కాని తీవ్రముగా కాలిన చోట్ల, చాల యేండ్లు గడచిన పిమ్మట అవి తగ్గినవి. దెబ్బ తగిలినది ఒకనాడు. నొప్పి తెలిసినది మఱియొకనాడు.

గొడ్డలి సంగతి వేఱు. గొడ్డలి యనుట మాటవరుసకే; నేడు యంత్రపు రంపములు గంటలో చేయు పనిని నాటి గొడ్డళ్లు దినమంతయు చేయలేవు. కార్న్, బ్రూస్ బరీ అను ఇరువురు శాస్త్రజ్ఞులు పశ్చిమ ఓరెగాన్ వాగులను పరిశీలించి 1989లో ఒక వ్యాసము ప్రకటించిరి. నఱకని అడవిలోని 23 వాగులను, నఱకిన అడవిలోని 20 వాగులను వారు పోల్చి చూచిరి. ఆ నఱకుడు నిన్నమొన్నటిది కాదు. 14 మొదలు 40 యేండ్ల క్రిందటిది. కొత్తచెట్లు పెరిగి, చూపరులకు అడవి మరల వచ్చినట్లే యున్నది. ఆ వాగులలో ఆస్కాఫస్‌తో గూడ నాలుగు జాతుల ఉభయచరములను వారు వెదకిరి. నఱకని అడవిలో 11 వాగులయందు నాలుగు జాతులును ఉన్నవి. నఱకిన అడవిలో నాలుగు జాతులును ఉన్న వాగు ఒక్కటియే. అంతేకాక, నఱకిన అడవిలోని 11 వాగులలో ఒక్క జాతియే మిగిలియుండుటయో, ఏదియు లేకుండుటయో జరిగినది. వాగు ఎగువభాగమున నఱకని అడవి కొంతయైన మిగిలియున్నచోట ఆస్కాఫస్ ఎక్కువగా కనబడినది. పుట్టుకచోట నీడ యున్నచో దిగువకు గూడ ఆ చల్లదనము, శుభ్రత కొంత అందునని దీనివలన ఊహింపవచ్చును.

నిప్పుకంటె రంపము ఎందుకు ఎక్కువ కీడు చేయును? కార్చిచ్చు చెట్లను చంపును గాని అడవినుండి తీసికొనిపోదు. నల్లబడిన మ్రానులు నిలిచియుండి కొంత నీడనిచ్చును. ఒకటొకటిగా కూలి మొద్దులగును. ఆ మొద్దులే రాబోవు నూఱు, రెండునూఱుల యేండ్లు సాలమాండరులకు ఇండ్లగును. రంపము వచ్చినచోట చెట్టు ఊరికి పోవును. బరువైన యంత్రములు తిరుగుటచే నేల గట్టిపడి బొఱియలు పూడును. కలపబండ్లకై వేసిన మట్టిబాటలనుండి వానకు వానకు బురద వాగులో చేరును.

కార్చిచ్చు వచ్చిన పిమ్మట కాలిన చెట్లను గూడ నఱకి తీసికొనిపోవు పద్ధతి అక్కడ ఉన్నది. కాలిన కలప ఒకటి రెండేండ్లలో పురుగుపట్టి విలువ కోల్పోవును గనుక వ్యాపారులు తొందరపడుదురు. "చచ్చిన చెట్టేకదా, ఉంచి యేమి లాభము?" అని వారి వాదము. కలపపనిమీద బ్రదుకు కుటుంబములు ఆ పల్లెలలో అనేకములున్నవి; కావున ఆ మాటను తేలికగా త్రోసివేయరాదు. కాని నేలలోపల దాగి నిప్పునుండి బ్రదికిన సాలమాండరు, వానలు పడి పైకి వచ్చునప్పటికి, పైన మొద్దు లేదు, నీడ లేదు, నేల గట్టిపడియున్నది. మంట ఒకసారి కొట్టిన చోటనే రంపము రెండవసారి కొట్టినట్లగును. నా మట్టుకు నాకు, ఆ రెండవ దెబ్బయే తప్పింపదగినదిగా తోచుచున్నది. ఏలయన పిడుగుపాటును ఆపుట మన చేతిలో లేదు, రంపమును ఆపుట మన చేతిలో నున్నది.

అక్కడి ప్రభుత్వము ఏమియు చేయలేదనుట న్యాయము కాదు. 1994లో సంయుక్త ప్రభుత్వపు అడవులకై ఒక ప్రణాళిక ఏర్పడినది. చేపలున్న వాగుల కిరుప్రక్కల 300 అడుగులు, చేపలు లేక ఎప్పుడును పారు వాగులకు 150 అడుగులు, వానకాలములో మాత్రము పారువానికి 100 అడుగులు అడవిని విడువవలెనని మొదటి నియమము. ఇందులో ఒక చిత్రము గమనింపుడు. చేపలేని చిన్నవాగునకు రక్షణ తక్కువ. కాని చేపలు ఎక్కజాలని ఆ పైవాగులే ఆస్కాఫస్‌కును, వాగు సాలమాండరులకును ముఖ్యమైన నివాసములు. మనుష్యులు తినునది చేప; కప్పను ఎవరు తలతురు? సొంతదారుల భూములలో ఈపాటి రక్షణయు చాలకాలము లేదు. 2022లో కలప కంపెనీలును, ప్రకృతి రక్షణ సంఘములును ఒక ఒడంబడికకు వచ్చినందున, ఓరెగాన్ శాసనసభ అట్టి భూములలో గూడ వాగులప్రక్క విడువవలసిన చెట్లపట్టీలను పెంచుచు చట్టము చేసినది. ఆ ఒడంబడిక మాటలలో చేపలతోబాటు ఆస్కాఫస్ పేరును, వాగు సాలమాండరుల పేరును గూడ చేరినవి.

ఓరెగాన్‌లో ఆండ్రూస్ ప్రయోగారణ్యము అను పేరుగల అడవి యొకటి కలదు. 1948లో దానిని పరిశోధనకై ప్రత్యేకించిరి. 1985లో మార్క్ హార్మన్ అను శాస్త్రజ్ఞుడు 500కు మించిన చెట్టుమొద్దులను ఆ అడవినేలమీద పరపించి, అవి ఎట్లు చివుకునో, ఎంత నీరు పట్టునో, వానిలో ఏయే ప్రాణులు చేరునో చూచుటకు ఒక ప్రయోగము మొదలిడెను. దాని గడువు 200 సంవత్సరములు. ప్రారంభించినవాడు ముగింపును చూడడని తెలిసియే ప్రారంభించెను. 2023 ఆగస్టులో పిడుగుపడి ఆ అరణ్యములో పెద్ద మంట చెలరేగి, అడవిలో అధికభాగమును చుట్టినది. మంట ఆఱిన పిదప పరిశోధకులు తిరిగి వెళ్లి, నల్లబడిన చెట్ల నడుమ తమ కొలతలను మరల మొదలిడిరి. ఆ మొద్దుల ప్రయోగమునకు ఇంకను నూటయేబది యేండ్లకు పైగా గడువున్నది.